ఆస్ట్రేలియా నడిగడ్డలో గూడుబండి

ఆస్ట్రేలియా దేశపటమును ముందుంచుకొని చూచినచో పెద్ద ఊళ్ళన్నియు సముద్రపుటంచును పట్టుకొని కూర్చున్నట్లు కనబడును. సిడ్నీ, మెల్‌బోర్న్, బ్రిస్బేన్, అడిలైడ్, పెర్త్ అన్నియు ఒడ్డునకు చేరువనే యున్నవి. నడుమ భాగమున పేర్లు తక్కువ. ఒక పేరునకును మఱియొక పేరునకును ఎడము మిక్కిలి ఎక్కువ. ఆ దేశ వైశాల్యము సుమారు 77 లక్షల చదరపు కిలోమీటర్లు, అనగా మన దేశమునకు రెండింతలకు పైగా. జనసంఖ్యయో మూడు కోట్లకు లోపు. అందును 'నార్తర్న్ టెరిటరీ' అను ఉత్తరభాగము 13 లక్షల చదరపు కిలోమీటర్లకు మించియుండగా, అచ్చటి జనులు రెండున్నర లక్షలకు అటునిటు. 2011 లెక్కలలోని మన గుంటూరు నగర జనాభాలో అది సగము కూడ కాదు.

ఈ నడుమ భాగమును ఆ దేశస్థులు 'అవుట్‌బ్యాక్' అందురు. దానిని ఎడారి యని తెలిగించినచో సగమే నిజమగును. ఎఱ్ఱని మట్టి, 'ముల్గా' అను తుమ్మజాతి పొదలు, ముండ్లగడ్డి, నెలల తరబడి నీరులేని యేళ్ళు, ఎన్నడో యొకనాడు వాన కురిసినచో కొలది దినములలో నేలంతయు పరచుకొను పూలు, ఇవన్నియు అందు గలవు. నిర్జనమనుటయు తగదు. తెల్లవారు వచ్చుటకు వేలకొలది సంవత్సరములకు ముందే ఆదిమవాసులు నీటిగుంట నుండి నీటిగుంటకు దారులు తెలిసికొని అచ్చట జీవించిరి, నేటికిని జీవించుచున్నారు. నీటిజాడ తెలియని బయటివానికి మాత్రమే అది శూన్యము.

మన పల్లెలలో పూర్వము గూడుబండ్లుండెడివి. కోటప్పకొండ తిరునాళ్ళకు పోవువారు బండిలో గడ్డి పఱచి, దానిపై చాప వేసి, వంటసామగ్రి యెక్కించుకొని, రెండు మూడు దినములు బండినే యిల్లుగా చేసికొనెడివారు. ఆస్ట్రేలియావారి 'కారవాన్' దానికి దూరపు బంధువు. కారు వెనుకనున్న యినుప బంతికి తగిలించి లాగుకొనిపోవు చక్రముల యిల్లది. పడక, పొయ్యి, ఫ్రిజ్జు, నీటితొట్లు, కొన్నింట స్నానపుగది కూడ ఉండును. ఉద్యోగ విరమణ చేసి, పిల్లలు ఎవరి యిండ్లకు వారు పోయిన పిమ్మట, ఆలుమగలిట్టి బండి కొనుక్కొని, మే మొదలు సెప్టెంబరు వఱకు, అనగా అచ్చటి శీతకాలమున, ఉత్తరపు వెచ్చదనమును వెదకుకొనుచు పోవుట ఆ దేశమున పెద్ద ఆచారము. వారిని 'నెరసిన సంచారులు' అని వేళాకోళముగా పిలుచుటయు కలదు.

2021 జనాభా లెక్కలలో ఆస్ట్రేలియాయందు ఇంట తెలుగు మాటాడువారు యాబదివేలకు పైగా తేలిరి. తెనాలి ప్రాంతమునుండి వెళ్ళి అడిలైడ్‌లో ముప్పదియేండ్లుగా కాపురమున్న మా పెదతండ్రిగారి కుమారుడును, ఆయన భార్యయు వారిలోనివారే. అన్నగారు యంత్రముల పని చేసి విరమించిరి. వదినగారు ఆసుపత్రిలో నర్సుగా పనిచేసి విరమించిరి. 2023 జూన్ మాసమున వీరిద్దరు కారవాన్ కట్టుకొని అడిలైడ్ నుండి ఉత్తరపు కొసనున్న డార్విన్‌కు పోయి వచ్చిరి. మఱుసటి సంక్రాంతికి విజయవాడ వచ్చినప్పుడు నాకు వివరముగా చెప్పిరి. నేనడిగిన ప్రశ్నలకు అన్నగారు బండిని గూర్చియు, వదినగారు నీటిని గూర్చియు ఎక్కువ చెప్పిరి. ముందు రాబోవు సంగతికి ఈ భేదమే మూలము.

బండి సంగతి ముందు చెప్పెదను. వారి కారవాన్ బరువు సామానుతో 2,400 కిలోలు. అందు సుమారు పదియవ వంతు కారు వెనుక కొక్కెముపై మోపబడవలెనట. ఒంటెద్దు బండియైనను, జోడెద్దుల బండియైనను, వెనుకభారమైనచో కాడి పైకి లేచుట మన రైతులెఱిగినదే. ఇచ్చటను న్యాయమదియే, కాని వేగము గంటకు 90 కిలోమీటర్లు. వెనుక బరువెక్కువైనచో కారవాన్ పాము తోకవలె అటునిటు ఊగనారంభించును. అప్పుడు భయపడి కారు బ్రేకు గట్టిగా తొక్కినచో వెనుకనున్న యిల్లు ముందున్న కారును త్రోసివేయును. కారు బ్రేకు ముట్టక, వేగము సడలించి, కారవాన్ చక్రములకు మాత్రమే పట్టు బ్రేకును చేతితో నొక్కవలయును. ఈ విద్యకై అన్నగారు రెండు ఆదివారములు ఖాళీ మైదానమున సాధన చేసిరట. వదినగారు కూడ నేర్చిరి. "మీకేమైనా అయితే బండి నేను నడపొద్దా?" అని ఆమె యడిగిన ప్రశ్నకు ఆయనవద్ద సమాధానము లేకపోయెను.

నీటిలెక్క వదినగారిది. తాగుటకును, వంటకును, కడుగుకొనుటకును కలిపి మనిషికి రోజునకు 10 లీటర్లు. తొట్లలో 190 లీటర్లు. తొట్టి పగిలినచో అక్కఱకు వచ్చునట్లు వేఱుగా రెండు డబ్బాలలో 40 లీటర్లు. లీటరు నీరు కిలో బరువు. కావున నీరు పెంచినప్పుడెల్ల మఱియొక వస్తువు దిగవలెను. అన్నగారి మడతకుర్చీలు రెండు దిగెను. ఆయన వెంట తీసికొనిపోదలచిన పనిముట్ల పెట్టెలో సగము దిగెను. ఆవకాయ జాడీ మాత్రము దిగలేదు. దాని బరువును ఆమె లెక్కలోనికి తీసికొనలేదని అన్నగారి ఫిర్యాదు.

అడిలైడ్ నుండి ఉత్తరముగా పోవువారు మొదటి దినముననే ఒక కనబడని గీతను దాటుదురు. 1865లో దక్షిణ ఆస్ట్రేలియా సర్వేయర్ జనరల్ జార్జి గాయిడర్ అనునతడు గుఱ్ఱముపై తిరిగి, ఏ చెట్లు ఎచ్చట మొలచుచున్నవో పరిశీలించి, ఇచ్చటికి దక్షిణమున వాన నమ్మదగినది, ఉత్తరమున నమ్మరానిది అని పటముపై గీత గీచెను. తరువాత కొన్నియేండ్లు వానలు బాగుగా కురియుటతో జనులు ఆ గీతను ఎగతాళి చేసి, దాటిపోయి గోధుమలు విత్తిరి. 1880 ప్రాంతమున కఱవులు వచ్చెను. వారు కట్టుకొన్న రాతి యిండ్ల మొండిగోడలు పైకప్పులు లేక నేటికిని అచ్చటచ్చట నిలిచియున్నవి. అనంతపురపు రైతునకు ఈ కథ క్రొత్తగా తోచదు. అయినను అనంతపురమున కురియు వానలో, ఆ ఖండపు నడిబొడ్డుననున్న అలిస్ స్ప్రింగ్స్ పట్టణమున కురియునది సగమే.

పోర్ట్ ఆగస్టా వద్ద స్టూవర్ట్ హైవే మొదలగును. 1862లో దక్షిణమునుండి ఉత్తర సముద్రము వఱకు భూమార్గమున పోయి తిరిగివచ్చిన జాన్ మెక్‌డౌవల్ స్టూవర్ట్ పేరు దానికి పెట్టిరి. డార్విన్ వఱకు దూరము సుమారు 2,700 కిలోమీటర్లు. 1987 నాటికి గాని దాని పొడవునను తారు పడలేదు. దారిలో గ్లెండాంబో అను చిన్న మజిలీ దాటిన పిమ్మట కూబర్ పీడీ చేరువఱకు 250 కిలోమీటర్లకు పైగా పెట్రోలు బంకు లేదు. విజయవాడ నుండి హైదరాబాదు పోవు దూరమునకు ఇంచుమించుగా సమానము. నడుమ టీ దుకాణము కూడ లేని విజయవాడ - హైదరాబాదు దారిని శ్రోతలు ఊహించుకొందురు గాక!

ఆ దారిన పోవు లారీలను 'రోడ్ ట్రెయిన్' లందురు. ఒక యింజనుకు మూడు బండ్లు తగిలించియుండును. పొడవు 53 మీటర్ల వఱకు ఉండవచ్చును. వెనుకనుండి అట్టిది వచ్చి దాటునప్పుడు దాని గాలికి కారవాన్ ఒక ప్రక్కకు లాగబడును. కావున కారులో యు.హెచ్.ఎఫ్. రేడియో పెట్టుకొందురు. హైవేపై లారీవారు మాటాడునది నలుబదవ చానల్; కారవాన్‌వారు తమలో తాము మాటాడుకొనునది పదునెనిమిదవది. "కారవాన్ నడుపు మిత్రమా, నేను దాటుచున్నాను, నీ వేగము తగ్గింపుము" అని లారీ డ్రైవరు చెప్పును. దాటిన పిదప ఇతడు "నీ తోక నన్ను దాటినది, లోపలికి రమ్ము" అనును. ముఖము చూడని ఇద్దరు ఇరువది క్షణములు ఒకరి ప్రాణమునకొకరు పూచీపడుట ఇది. చీకటిపడుటకు ముందే బండి ఆపవలెననునది అచ్చటి మఱియొక నియమము. సంధ్యవేళలను, రాత్రులందును కంగారూలు, పశువులు రోడ్డుపైకి వచ్చును. మన దంపతులు సాయంకాలము నాలుగున్నర దాటి ఎన్నడును బండి నడపలేదు.

కూబర్ పీడీ ఊరు భూమిలో నుండుట అందఱు వినినదే. 1915లో బంగారము వెదకుచు వచ్చిన తండ్రి వెంటనున్న పదునాలుగేండ్ల బాలునకు ఓపల్ రాయి దొరకుటతో ఊరు పుట్టెను. ఎండకు తాళలేక జనులు కొండప్రక్కలను త్రవ్వుకొని యిండ్లు చేసికొనిరి. చూడదగినదే గాని, దానిని గూర్చి వ్రాసినవారు చాలమంది యుండుటచే నేను ముందునకు సాగెదను. ఇచ్చటనే దంపతుల నడుమ మొదటి వాదము జరిగినది.

కూబర్ పీడీ నుండి తూర్పుగా విలియమ్ క్రీక్ అను ఊరికి 166 కిలోమీటర్ల మట్టిదారి కలదు. ఊరనుట మర్యాదకే, ఒక హోటలు, ఒక విమానముల దిగుడుచోటు, పదిమంది మనుష్యులు. అచ్చటినుండి చిన్న విమానమెక్కినచో అయిర్ సరస్సును పైనుండి చూడవచ్చును. ఆదిమవాసులు దానిని కాటీ తండ అందురు. సముద్రమట్టమునకు సుమారు 15 మీటర్ల దిగువనున్న ఆ ఉప్పుసరస్సు ఎప్పుడో గాని నిండదు. అన్నగారికి దానిని చూడవలెనను కోరిక చిరకాలముగా నుండెను. కారవాన్ ఊరిలో విడిచి కారులో మాత్రమే పోయివచ్చెదమని ఆయన యనగా, వదినగారు, "ఇల్లు వదిలి వెళ్ళేదేమిటి? దారి తెరిచి ఉందన్నారుగా, ఇల్లు వెంటే తీసుకుపోదాం" అనిరి. వారి కారవాన్ మట్టిదారులకు తగిన గట్టి చట్రము గలది. దారి తెఱచియున్నదని ఆ ఉదయము విచారించి తెలిసికొనిరి. టైర్లలో గాలి తగ్గించిరి. అలలు అలలుగా గట్టిపడిన మట్టిపై గాలి తగ్గిన టైరు మెత్తగా నడచును. ఇట్లు బయలుదేరిరి.

దారిలో 'డాగ్ ఫెన్స్' అను కంచె దాటవలెను. డింగో యను అడవికుక్కలు గొఱ్ఱెలమీద పడకుండ కట్టిన ఆ కంచె పొడవు 5,600 కిలోమీటర్లు. పిమ్మట పశుక్షేత్రము. అన్నా క్రీక్ అను ఆ క్షేత్రము ప్రపంచమున మిక్కిలి పెద్దదని పేరుపొందినది. 15,000 చదరపు కిలోమీటర్లకు పైగా నున్నది. 2022లో జిల్లాలు విభజింపబడక ముందున్న మన గుంటూరు జిల్లా 11,391 చదరపు కిలోమీటర్లు. జిల్లా కంటె పెద్దదైన ఒక్క పొలమన్నమాట.

నూఱు కిలోమీటర్లు పోవుసరికి వాన మొదలయ్యెను. అచ్చట వాన అరుదే గాని, వచ్చినప్పుడు దారియే ఉండదు. ఎఱ్ఱమట్టి మైనమువలె చక్రములకు చుట్టుకొని, చక్రమునకును పైరేకునకును నడుమ ఇఱుకుకొని గట్టిపడును. పావుగంటలో కారు నిలిచిపోయెను. అన్నగారు పార తీసికొని గంటసేపు మట్టి తీసిరి. పది అడుగులు కదలి మరల నిలిచెను. రేడియోలో పిలిచిరి, బదులు లేదు. ఆ రేడియో చూపుమేరకు కొంచెము మించి మాత్రమే వినబడును. చదునునేలపై పది పదునైదు కిలోమీటర్లకంటె ఆశింపరాదు. మొబైల్ టెలిఫోను పనిచేయదు. వారివద్ద మఱియొక సాధనము కలదు: ప్రాణాపాయము కలిగినప్పుడు మీట నొక్కినచో ఉపగ్రహముల ద్వారా కాన్‌బెరాలోని రక్షణ కేంద్రమునకు మనము ఉన్నచోటు తెలియజేయు చిన్న పెట్టె. దానిని వదినగారు బయటకు తీసి బల్లపై పెట్టిరి గాని నొక్కనీయలేదు. "ఇంట్లో నీళ్ళున్నై, బియ్యమున్నై, పక్క ఉంది. బురదలో బండి దిగబడితే విమానం పంపమంటామా? నిజంగా ప్రాణం మీదికొచ్చిన వాడి కోసం ఉంచిన విమానమది" అనిరట.

రాత్రి గడచెను. తెల్లవారుసరికి వాన వెలిసెను. అన్నగారు పటము తీసి చూచిరి. పదునాలుగు కిలోమీటర్ల దూరమున గాలిమర గుర్తు ఒకటి కనబడెను. పశువులకు నీరు తోడు గాలిమర.

"పద్నాలుగు కిలోమీటర్లు ఒక లెక్కా? ఇప్పుడు బయలుదేరితే పదకొండుకల్లా చేరతాను. అక్కడ క్షేత్రం మనిషి ఎవడో ఒకడు ఉంటాడు" అని ఆయన బూట్లు తొడుగుకొనిరి.

"గాలిమర దగ్గర గొడ్లుంటాయి. మనుషులుంటారని పటంలో రాసుందా?" అని ఆమె యడిగిరి.

"మరి ఊరికే కూర్చోమంటావా?"

"కూర్చోమనే అంటున్నాను. ఏమండీ, పొద్దున ఇన్సులిన్ పొడిచింది నేను. దారిలో చక్కెర పడిపోతే మీరెక్కడుంటారు, నేనెక్కడుంటాను? మీరు చేరారో లేదో నాకెట్లా తెలుస్తుంది?"

అన్నగారు మధుమేహరోగి. నడకయలవాటున్నవాడు, చలికాలము, వదినగారివలన ఆటంకము లేకున్నచో క్షేమముగా పోయియే వచ్చెడివాడనని నేటికిని ఆయన విశ్వాసము. నేనీ విషయమున వదినగారి పక్షమే. ఎందుకన, ఆ దేశమున మట్టిదారులలో పోయిన ప్రాణములనేకము బండి విడిచి నడచుటవలననే పోయినవి. 1963 డిసెంబరులో అచ్చటికి తూర్పుననున్న బర్డ్స్‌విల్ దారిలో, ఇంగ్లండు నుండి వలసవచ్చిన దంపతులును, వారి ముగ్గురు కుమారులును ప్రయాణము చేయుచుండిరి. పెట్రోలు అయిపోయెను. కారులో చీటీ వ్రాసిపెట్టి నీటికై నడచిపోయిరి. అది నడివేసవి. ఐదుగురును చనిపోయిరి. విమానమునుండి వెదకువారికి కారు కనబడును. పొదల నీడన పడియున్న మనిషి కనబడడు. ఆ ప్రాంతపు వేసవి యెట్టిదో తెలియుటకు ఒక్క యంకె చాలును: 1960 జనవరి 2వ తేదీన, విలియమ్ క్రీక్‌కు ఉత్తరముననున్న ఊడ్నదత్తలో నమోదైన వేడి 50.7 డిగ్రీలు. మన రెంటచింతలను తలదన్ను వేడి యది. 2022లో పశ్చిమతీరమున ఆన్స్‌లో అను ఊరు దానితో సమానమైనది గాని మించలేదు. ఈ కుటుంబము కథ వదినగారు బయలుదేరుటకు ముందే చదివియుండిరి.

అన్నగారు బూట్లు విప్పిరి. ఆ దినమంతయు వారిద్దరు ఎక్కువ మాటాడుకొనలేదట. ఆయన చక్రముల మట్టి గీకుచుండిరి. ఆమె గంటకొకమాఱు రేడియో పట్టుకొని, తామున్న చోటు, ఎందఱున్నారు, ఏ బండి అను వివరములను చెప్పి, రెండు నిమిషములు విని, కట్టివేయుచుండిరి. బ్యాటరీ పొదుపు కొఱకు గంటకొకమాఱు. నోటుబుక్కులో నీటి లెక్క తగ్గించిరి: మనిషికి ఆఱు లీటర్లు. ఆ లెక్కన పదునైదు దినములకు పైగా నిలువవచ్చును. ఆ సంఖ్యను ఆయనకు వినబడునట్లు పైకి చదివిరట. ఇద్దరును ఆ సాయంత్రము ఆవకాయన్నము తినిరి.

ఐదు గంటల పిలుపునకు బదులు వచ్చెను. పగిలిన డబ్బాలోనుండి వచ్చినట్లున్న మగగొంతు. పేరడుగలేదు, ఎందుకు వచ్చితిరని యడుగలేదు. మూడు ప్రశ్నలడిగెను: ఎందఱున్నారు? నీరెంత యున్నది? ఎవరికైన అనారోగ్యమా? ఇద్దరమనియు, నూట తొంబది లీటర్లకు పైగా నున్నవనియు, ఒకరికి మధుమేహమనియు, మందులున్నవనియు ఆమె చెప్పిరి. అతడు పశుక్షేత్రపు పనివాడు. తెగిన కంచె చూచుకొనుటకు మిట్టయెక్కియుండుటచే ఈ పిలుపు వినబడెను. "ఉన్నచోటనే యుండుడు. దారి మూసివేసిరి. మఱి వాన పడకున్నచో ఎల్లుండి మధ్యాహ్నమునకు పైపొర ఆరును. అప్పటివఱకు చక్రము కదల్చినచో దారి చెడును, మీ బండియు చెడును. రేపు ఇదే వేళకు పిలిచెదను" అని చెప్పెను. మఱునాడు అదే వేళకు పిలిచెను. ఎల్లుండి మధ్యాహ్నమున దారి ఆరెను. విలియమ్ క్రీక్ చేరి సరస్సును చూచిరి. తెల్లని ఉప్పుపొరపై అక్కడక్కడ పలుచని నీరు. అన్నగారికి తృప్తి కలిగినదట. ఆ మనిషి ముఖమును వారు చూడనేలేదు.

ఆ ఊరిమీదుగా పూర్వము రైలు నడచెడిది. 1980లో దానిని ఎత్తివేసిరి. అంతకు ముందు ఒంటెలు నడచినవి. 1860లో బర్క్, విల్స్ అనువారి యన్వేషణ యాత్రకై కరాచీ ఓడరేవునుండి ఒంటెలను, వాటిని నడపువారిని దించిరి. పిమ్మట పెషావరు, బెలూచిస్తాను, పంజాబు ప్రాంతములనుండి మఱి యనేకులు వచ్చిరి. ఎవరెచ్చటివారైనను అందఱను 'ఆఫ్ఘను'లనియే పిలిచిరి. రైలునకు 'ఘాన్' అను పేరు వారివలననే వచ్చినదందురు. తంతితీగెల స్తంభములను, పిండిబస్తాలను, పియానోలను ఆ నడిగడ్డకు మోసినది వారి ఒంటెలే. ఆ దారులలో భారతదేశపు మనిషి తిరుగుట మా అన్నగారితో మొదలు కాలేదన్నమాట.

తరువాత హైవే పట్టుకొని ఉలురు పోయిరి. 348 మీటర్ల ఎత్తుగల ఆ ఎఱ్ఱని ఏకశిల 1985లో దాని సొంతదారులైన అనంగు ప్రజలకు తిరిగి చెందినది. 2019 అక్టోబరు 26 నుండి దానిపైకి ఎక్కుట నిషేధింపబడినది. ఎక్కుటకు వీలులేదని విచారించు యాత్రికులను చూచి వదినగారు, "సింహాచలంలో గిరిప్రదక్షిణం చేస్తాం గాని కొండ నెత్తిన నిలబడి ఫొటో దిగుతామా?" అనిరట. పదికిలోమీటర్లు చుట్టి నడచిరి. ఈ నడకకు ఆమె అభ్యంతరము చెప్పలేదు.

అలిస్ స్ప్రింగ్స్‌లో వారు చూచిన వస్తువొకటి మాబోటి రేడియో ఉద్యోగులకు మ్రొక్కదగినది: కాలితో త్రొక్కు రేడియో. జాన్ ఫ్లిన్ అను మతాచార్యుడు, పశుక్షేత్రములలో వైద్యమందక జనులు మరణించుట చూచి, 1928 మే నెలలో క్వీన్స్‌లాండ్‌లోని క్లాన్‌కరీ నుండి విమాన వైద్యసేవను ప్రారంభించెను. కాని విమానము రావలెననిన పిలుపు చేరవలెను గదా! తంతి లేదు, విద్యుత్తు లేదు. అడిలైడ్‌కు చెందిన ఆల్ఫ్రెడ్ ట్రేగర్ అను నిపుణుడు 1929లో, సైకిలు త్రొక్కుళ్ళవంటివాటిని కాలితో త్రిప్పినచో విద్యుత్తు పుట్టించు చిన్న ప్రసారయంత్రమును తయారుచేసెను. చేతులు రెండును వార్త పంపుటకు ఖాళీగా నుండును. మొదట తంతిసంకేతములే, కొన్నియేండ్లకు మాట కూడ పంపగలిగిరి. క్షేత్రములలో మందులపెట్టెలుంచి, ప్రతి మందునకు ఒక అంకె వేసిరి. వైద్యుడు వందల మైళ్ళ దూరమునుండి రోగి లక్షణములు విని, ఫలాని అంకెగల మాత్ర ఇమ్మనిన, చదువురాని కాపరియైనను ఈయగలడు.

ఆ రేడియో వైద్యమునకే నిలిచిపోలేదు. నియమితవేళలలో క్షేత్రములందలి స్త్రీలు ఒకరినొకరు పిలుచుకొని ముచ్చటలాడుకొనిరి. గుంపులుగా కూడి అఱచు గులాబిరంగు చిలుకల పేరుమీద మగవారు దానిని 'గలా సెషన్' అనిరి. పేరు పెట్టినవారికి ఆ ముచ్చటల విలువ తెలియదని నా యభిప్రాయము. నెలకొకమాఱు కూడ మఱియొక స్త్రీ ముఖము చూడని గృహిణికి అది బావిగట్టు. 1951లో, అడిలెయిడ్ మీత్కె అను విద్యావేత్త ఆలోచన ఫలితముగా, అదే రేడియోపై అలిస్ స్ప్రింగ్స్‌లో పిల్లలకు 'ఆకాశ పాఠశాల' తెఱచిరి. గురువుగారు పట్టణమున, విద్యార్థులు వందల కిలోమీటర్ల దూరమున. నేడు రేడియో స్థానమున ఉపగ్రహముల ద్వారా అంతర్జాలము వచ్చినది. పిల్లలు గురువుగారి ముఖము కూడ చూడగలుగుచున్నారు. పాఠశాల మాత్రము నడచుచున్నది. వదినగారు అచ్చట చాలసేపు నిలిచి, దూరపు క్షేత్రమునుండి ఒక బాలిక తన గుఱ్ఱపుపిల్లను గూర్చి చెప్పుచుండగా వినిరట.

అచ్చటినుండి డార్విన్ వఱకు 1,500 కిలోమీటర్లు. టెన్నెంట్ క్రీక్ దగ్గఱి గుండ్రని బండరాళ్ళు, మటరంకా వేడినీటి చెలమలు, కాథరిన్ లోయ వరుసగా వచ్చును. ఉత్తరమునకు పోయినకొలది చెట్లు ఎత్తగును, గాలి తడియగును, నీటి లెక్క వ్రాయవలసిన పని తగ్గును. కాథరిన్ దాటిన పిమ్మట వదినగారి నోటుబుక్కులో లీటర్లకు బదులు కూరగాయల ధరలున్నవి. నవంబరు మొదలు ఏప్రిలు వఱకు అచ్చట వానకాలము. కావున సెప్టెంబరు మొదటనే దక్షిణమునకు మరలిరి.

తిరుగు దారిలో కూబర్ పీడీ శివార్లకు వచ్చునప్పుడు రేడియోలో ఒక స్త్రీ గొంతు వినబడెను. తామును ఆలుమగలమనియు, కారవాన్‌తో విలియమ్ క్రీక్ పోదలచితిమనియు, దారి యెట్లున్నదో ఎవరైన చెప్పగలరా యనియు అడుగుచుండెను. అన్నగారు బండి నడుపుచు, దారి యిప్పుడెట్లున్నదో మనకేమి తెలియును, ఊరిలో అడిగి తెలిసికొందురులే అనిరి. వదినగారు మైకు తీసికొని, దారి సంగతి ఊరిలో విచారింపుమని చెప్పి, "మీరెందఱు? నీరెంత యున్నది? ఎవరికైన అనారోగ్యమా?" అని అడిగిరి. ఇద్దరమే, అనారోగ్యమేమియు లేదు, నీరు నలుబది లీటర్లున్నదని బదులు వచ్చెను. చాలదని ఈమె చెప్పిరి. కూబర్ పీడీలో డబ్బు వేసి నీరు పట్టుకొను కుళాయి యేవైపున నున్నదో, అచ్చటికి కారవాన్ ఎట్లు త్రిప్పుకొని రావలెనో ఆ దంపతులకు వివరించుసరికి ఊరు వచ్చినది.